పాఠం 14: యంత్రం ఎందుకు మరచిపోతుంది? పిన్‌బాల్ బోర్డులో మెమరీ బ్యాకప్ లోపాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కరెంటు పోయినా బోర్డు తన లెక్కలను ఎలా నిలుపుకుంటుందో వివరించగలుగుతారు;
• సెల్లు నుండి మెమరీ చిప్పు వరకు వోల్టేజిని వరుసగా కొలిచి లోపం ఎక్కడుందో కనుక్కోగలుగుతారు;
• కారిన సెల్లు వల్ల పాడైన బోర్డును శుభ్రం చేయగలుగుతారు.

14.1 పరిచయం

కోల్‌కతాలో ఒక ఆటల హాలు ఉందనుకుందాం. అందులో ఒక పాత పిన్‌బాల్ యంత్రం ఉంది. నాణెం వేస్తే ఉక్కు గోళీ బయటికి వస్తుంది. అది అడ్డంకులను తాకినప్పుడల్లా స్కోరు పెరుగుతుంది. యంత్రం ఒకరిది, హాలు మరొకరిది. ఎన్ని నాణేలు పడ్డాయో యంత్రమే లెక్క పెడుతుంది. నెలాఖరున ఆ లెక్క చూసి ఇద్దరూ డబ్బు పంచుకుంటారు.

ఒక రాత్రి కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి లెక్క సున్నా అయింది. "మీరే చెరిపారు" అని ఒకరు, "మీ యంత్రమే దొంగది" అని మరొకరు. మెకానిక్ వచ్చి కొత్త సెల్లులు వేసి డబ్బు తీసుకుని వెళ్ళాడు. వారం తిరగకముందే మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ లెక్క పోయింది.

ఆ మెకానిక్ చేసిన తప్పు ఏమిటి? అతడు కొలవలేదు, ఊహించాడు. మెమరీ పోయిన ప్రతిసారీ తప్పు సెల్లుదే కాదు. ఈ పాఠంలో ముఖ్యంగా నేర్చుకోవలసిన విషయం ఇదే.

14.2 జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

పిన్‌బాల్ యంత్రాలకు పుట్టినిల్లు అమెరికాలోని చికాగో నగరం. బ్యాలీ, విలియమ్స్ కంపెనీలు 1970ల చివరి నుండి వీటిలో మైక్రోప్రాసెసర్ బోర్డులు వాడాయి. బోర్డులోని ర్యామ్ చిప్పు నాణేల లెక్కను, ఎక్కువ స్కోర్లను, ఒక ఆటకు ఎన్ని గోళీలు వంటి సెట్టింగులను దాచుకుంటుంది. ర్యామ్‌కు విద్యుత్తు ఆగితే అందులోనిదంతా చెరిగిపోతుంది. అందుకే పక్కన సెల్లులు ఉంచారు.

యంత్రం నడుస్తున్నప్పుడు ర్యామ్‌కు 5 వోల్టులు పవర్ సప్లై నుండి వస్తాయి. యంత్రం ఆగితే సెల్లులు ఆ పని అందుకుంటాయి. 1990లో వచ్చిన విలియమ్స్ బోర్డులలో 1.5 వోల్టుల సెల్లులు 3 ఉంటాయి. 3 × 1.5 = 4.5 వోల్టులు. సెల్లులకు, ర్యామ్‌కు మధ్య ఒక డయోడు ఉంటుంది. మన ఇంటి బావి మోటారు పైపులో నీటిని వెనక్కి రానివ్వని వాల్వు ఎలాంటిదో ఈ డయోడు అలాంటిది. కరెంటును సెల్లు నుండి ర్యామ్ వైపుకే పోనిస్తుంది. 5 వోల్టులు వెనక్కి తన్ని సెల్లులను ఛార్జి చేయకుండా ఆపుతుంది.

నిద్రలో ఉన్న ర్యామ్‌కు చాలా తక్కువ కరెంటు చాలు. 6264 రకం చిప్పు 2 వోల్టుల వరకు తన లెక్కను నిలుపుకోగలదు.

కలకత్తాలో 1970లలో, 1980లలో లోడ్ షెడ్డింగ్ చూసినవారికి ఈ ఏర్పాటు విలువ చెప్పనక్కరలేదు. ప్రతి కరెంటు కోతా ఇటువంటి బోర్డుకు ఒక పరీక్షే.

14.3 పరీక్షించే వరుస

హెచ్చరిక: ముందుగా ప్లగ్గు తీయండి. స్కోరు చూపే తెరకు 100 వోల్టులు, అంతకు మించి కూడా అందుతాయి. ప్లగ్గు తీశాక కొన్ని నిమిషాలు ఆగండి.

మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. దగ్గర ఉంచండి. నల్ల తీగను బోర్డు గ్రౌండ్‌కు ఆనించండి. తరువాత ఎర్ర తీగతో ఈ వరుసలో కొలవండి.

మెట్టు 1: సెల్లులు. ఒక్కొక్క సెల్లును విడిగా కొలవండి. ఏ ఒక్కటి 1.2 వోల్టుల కంటె తగ్గినా మూడూ కలిపి మార్చండి. పాతవి, కొత్తవి కలపవద్దు.

మెట్టు 2: హోల్డరు. సెల్లులు హోల్డరులో ఉండగా, హోల్డరు తీగలు బోర్డుకు అతికిన చోట కొలవండి. సెల్లులు బాగుండి ఇక్కడ 4.5 రాకపోతే స్ప్రింగు తుప్పు పట్టింది, లేదా సోల్డరు ఊడింది. కోల్‌కతా వర్షాకాలపు తేమలో ఇది సులభంగా జరుగుతుంది.

మెట్టు 3: డయోడు తరువాత. ఇక్కడ 4 వోల్టుల పైన రావాలి. డయోడుకు ముందు 4.5 ఉండి తరువాత సున్నా ఉంటే డయోడు తెగింది.

మెట్టు 4: ర్యామ్ చిప్పు. 6264 చిప్పుకు 28 పిన్నులు. గాటు ఉన్న వైపు 1వ పిన్నుకు ఎదురుగా ఉండేది 28వది. విద్యుత్తు అందేది దానికే. డయోడు దగ్గర వోల్టేజి ఉండి ఇక్కడ లేకపోతే మధ్యలో బోర్డు మీది రాగి గీత తెగింది.

మెట్టు 5: డయోడు అడ్డుకుంటోందా? సెల్లులు తీసేయండి. అనుభవజ్ఞులు దగ్గర ఉండగా మాత్రమే యంత్రం ఆన్ చేసి హోల్డరు చివరలను కొలవండి. 5 వోల్టులకు దగ్గరగా ఉంటే డయోడు షార్టు అయింది. ఈ స్థితిలో కొత్త సెల్లులు వేస్తే అవి ఛార్జి అయి, వేడెక్కి, కారిపోతాయి. "కొత్త సెల్లులు కూడా కారిపోతున్నాయి" అన్న ఫిర్యాదు వింటే ముందు ఈ డయోడునే అనుమానించండి.

అన్ని మెట్లూ సరిగా ఉండి మెమరీ ఇంకా పోతుంటే? అప్పుడు రెండు అనుమానాలు. ఒకటి, ర్యామ్ చిప్పే పాడై ఉండవచ్చు. రెండు, రీసెట్ సర్క్యూట్ సరిగా పనిచేయకపోవచ్చు. కరెంటు పోయే క్షణంలో ప్రాసెసర్‌ను వెంటనే ఆపడం ఆ సర్క్యూట్ పని. అది ఆలస్యం చేస్తే ప్రాసెసర్ తడబడి ర్యామ్‌లో పిచ్చి రాతలు రాస్తుంది.

14.4 సెల్లు కారితే

బోర్డులను ఎక్కువగా చంపేది ఇదే. 1977 నుండి వచ్చిన బ్యాలీ బోర్డులలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డు మీదే సోల్డరు చేశారు. అది కారితే గీతలను, చిప్పు సాకెట్లను తినేస్తుంది. ఈ బ్యాటరీని బోర్డే ఛార్జి చేస్తుంది. కనుక దాని స్థానంలో మామూలు సెల్లులు పెట్టదలిస్తే డయోడు తప్పక చేర్చాలి.

శుభ్రం చేసే పద్ధతి ఏది కారిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆల్కలైన్, నికెల్-కాడ్మియం సెల్లులలో ఉండేది క్షారం. దానికి పలుచని వెనిగర్ వాడాలి. టార్చిలైటులో వేసే చవక జింకు-కార్బన్ సెల్లుల నుండి కారేది ఆమ్ల గుణం కలది. దానికి వంట సోడా నీరు వాడాలి. తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు మరవకండి.

మళ్ళీ ఇలా జరగకుండా హోల్డరును బోర్డు నుండి తీసి, తీగలతో దూరంగా, బోర్డు కంటె కింద అమర్చండి. ఏడాదికొకసారి సెల్లులు మార్చి, తేదీ రాసిన చీటీ అంటించండి. బ్యాటరీ అక్కరలేని మెమరీ చిప్పులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

14.5 విడిభాగాలు, నిజాయితీ

కోల్‌కతాలో చాందినీ చౌక్, మదన్ స్ట్రీట్ ప్రాంతం ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరు పొందింది. ఖరగ్‌పూర్ తెలుగువారు లోకల్ రైలులో హౌరా దిగి అక్కడికి చేరవచ్చు. పాత భాగాన్ని వెంట తీసుకువెళ్ళి నంబరు సరిచూసుకోండి. పాత చిప్పులను కొత్తవిగా అమ్మడం కద్దు. అందుచేత చిప్పును సాకెట్‌లో పెట్టి పరీక్షించండి.

పని మొదలుపెట్టే ముందు నాణేల లెక్కను, సెట్టింగులను యజమాని ఎదుట కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక, మీరు కొలిచిన అంకెలను కూడా చూపించండి. అప్పుడు ఆ లెక్క ఎవరు చెరిపారన్న తగాదా రాదు.

ఇదే పద్ధతి కంప్యూటరు మదర్‌బోర్డుకూ పనికివస్తుంది. తేదీ మరచిపోయే కంప్యూటరులో ముందుగా 3 వోల్టుల నాణెపు సెల్లును కొలవండి. ఆ తరువాత హోల్డరును చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హోల్డరు దగ్గర 4.5 వోల్టులు, డయోడు తరువాత 0 వోల్టులు ఉన్నాయి. లోపం ఏది?
2. మూడు నెలలలో రెండుసార్లు కొత్త సెల్లులు కారాయి. ఏ మెట్టు పరీక్ష చేస్తారు?
3. ఆల్కలైన్ సెల్లు కారిన చోట వంట సోడా ఎందుకు వాడకూడదు?

గుర్తుంచుకోండి
• సెల్లు, హోల్డరు, డయోడు, ర్యామ్: ఈ వరుసలోనే కొలవండి.
• వోల్టేజి ఎక్కడ ఆగిపోయిందో లోపం అక్కడే ఉంటుంది.
• కొలవకుండా ఏ భాగాన్నీ మార్చవద్దు.

జవాబులు
1. డయోడు తెగింది.
2. మెట్టు 5. డయోడు షార్టు అయి ఉండవచ్చు.
3. కారినది క్షారం, వంట సోడా కూడా క్షార గుణం కలదే. కనుక అది విరుగుడు కాదు.