ఇల్లున్న నర్సుకే చక్రాల ఇల్లు కలిసొస్తుంది

అమెరికాలో ట్రావెల్ నర్సు కాంట్రాక్టు సాధారణంగా 13 వారాలు. జీతం ఇచ్చేది స్టాఫింగ్ ఏజెన్సీ, పని చేసేది సిబ్బంది కొరత ఉన్న ఏదో ఒక ఆసుపత్రిలో. చాలా కాంట్రాక్టుల్లో వారానికి మూడు డ్యూటీలు, ఒక్కోటి 12 గంటలు. గడువు తీరాక అక్కడే పొడిగించుకోవచ్చు, లేదా ఇంకో ఊరు వెళ్లవచ్చు. ఈ ఉద్యోగంలో డ్యూటీ కంటే ముందు ఎదురయ్యే చిక్కు బస. మూడు నెలలకే ఇల్లు అద్దెకిచ్చేవారు తక్కువ. ఇచ్చినా సామాన్లతో సహా ఇచ్చే గదికి అద్దె ఎక్కువ. పైగా చూడకుండానే అడ్వాన్సు కట్టాలి. అందుకే ఏడాదంతా ఊళ్లు మారే నర్సుల్లో కొందరు ఆర్వీ కొంటున్నారు. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న మోటార్‌హోమ్ కావచ్చు, పికప్ ట్రక్కుతో లాక్కెళ్లే ట్రైలర్ కావచ్చు. ఆసుపత్రికి దగ్గర్లోని ఆర్వీ పార్కులో నెలకింతని స్థలం తీసుకుంటే చాలు, బస సమస్య తీరుతుంది. ఇక్కడి నుంచి చాలామంది ఇంకో అడుగు ముందుకేస్తారు: సొంతూళ్లో ఇల్లు కూడా వదిలేస్తే ఆ ఖర్చూ మిగులుతుంది కదా అని. ఈ రెండో అడుగే దెబ్బతీస్తుంది. ఆర్వీ రెండో ఇల్లుగా ఉన్నప్పుడు నర్సుకు లాభం. అదే ఏకైక ఇల్లయితే, మిగిలిందనుకున్న డబ్బును పన్ను పట్టుకుపోతుంది.

పన్ను లేని స్టైపెండ్ వెనక షరతు

కారణం అర్థం కావాలంటే ట్రావెల్ నర్సు జీతం ఎలా కూర్చి ఉంటుందో చూడాలి. ఏజెన్సీ ఇచ్చే మొత్తంలో రెండు భాగాలుంటాయి. ఒకటి గంటకింత చొప్పున వచ్చే వేతనం, దీనిపై పన్ను ఉంటుంది. రెండోది బస, భోజనం, చిల్లర ఖర్చుల కోసం ఇచ్చే స్టైపెండ్. ఊరినిబట్టి ఫెడరల్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌ఏ ప్రకటించే రోజువారీ ఖర్చుల (పర్ డీయమ్) రేట్ల పరిమితిలో ఉండి, మిగతా షరతులూ తీరితే దీనిపై పన్ను పడదు. బస ఖర్చు తగ్గితే మిగిలింది నర్సుకే. ఆర్వీ మీద ఆశ పుట్టేది ఇక్కడే. అయితే ఈ మినహాయింపు ఎందుకు ఇచ్చారన్నది మరచిపోకూడదు. సొంతూళ్లో ఇంటి ఖర్చు భరిస్తూనే, పని కోసం ఇంకో ఊళ్లోనూ బస ఖర్చు పెట్టుకునేవారికి ఊరటగా ఇచ్చింది ఇది. అంటే మోసేది రెండు ఇళ్ల భారమై ఉండాలి. ఊళ్లు మారుతూ పనిచేసేవారి విషయంలో ఆ మొదటి ఇల్లున్న ప్రాంతాన్నే పన్ను భాషలో ట్యాక్స్ హోమ్ అంటారు.

స్థిరమైన పనిచోటు లేని ఉద్యోగికి ట్యాక్స్ హోమ్ ఉందా లేదా తేల్చడానికి అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ తన 463వ నంబరు పబ్లికేషన్‌లో మూడు పరీక్షలు పెట్టింది. సొంత ఇల్లున్న ప్రాంతంలో కొంతైనా పని చేస్తూ, ఆ రోజుల్లో ఆ ఇంట్లోనే ఉంటున్నారా? బయటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి ఖర్చు, బయటి బస ఖర్చు రెండూ పడుతున్నాయా? ఆ ప్రాంతాన్ని వదిలేయకుండా కుటుంబం అక్కడుండడం వల్లనో, తరచూ వెళ్లి ఉండడం వల్లనో బంధం కొనసాగిస్తున్నారా? మూడూ తీరితే ట్యాక్స్ హోమ్ ఉన్నట్టే. రెండే తీరితే పరిస్థితులను బట్టి తేలుస్తారు. ఒక్కటే తీరితే ఆ ఉద్యోగి సంచారి కింద లెక్క. ఎక్కడ పనిచేస్తే అదే ట్యాక్స్ హోమ్. ఇల్లు వదిలేసి ఆర్వీలో బతికే నర్సు సరిగ్గా ఇక్కడ దొరికిపోతుంది. ఆమె ఇల్లు ఆమె వెంటే వస్తోంది కాబట్టి ఆమె ఇంటికి దూరంగా ఉన్నట్టే కాదు. ఇంటికి దూరంగా లేని మనిషికి ఇచ్చిన స్టైపెండ్ మామూలు జీతమే అవుతుంది, దానిపై పన్ను కట్టాల్సిందే.

ఇది ఎంత డబ్బో ఒక ఊహా లెక్కతో చూద్దాం. వారానికి 2,200 డాలర్ల ప్యాకేజీ అనుకోండి: గంటకు 25 డాలర్ల చొప్పున 36 గంటలకు 900, స్టైపెండ్ 1,300. ఏడాదిలో 48 వారాలు పనిచేస్తే వేతనం 43,200, స్టైపెండ్ 62,400. పెళ్లికాని నర్సుకు, 2025 రేట్లతో, ఈ స్టైపెండ్ మొత్తం జీతంగా మారితే ఫెడరల్ ఆదాయపు పన్ను సుమారు 11,600 డాలర్లు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత సుమారు 4,800 డాలర్లు అదనంగా పడతాయి. రాష్ట్ర పన్ను లెక్కలో చేర్చకుండానే ఇది దాదాపు 16,400. ఇక ఆర్వీ వల్ల మిగిలేది చూద్దాం. సామాన్లున్న గది అద్దె నెలకు 1,900, ఆర్వీ పార్కులో స్థలం, కరెంటు కలిపి 1,000 అనుకుంటే తేడా 900. పదకొండు నెలలకు 9,900. అందులోంచి బండి లోను, బీమా, మరమ్మతులు, ఏటేటా తగ్గే బండి విలువ తీసేయాలి. ఇళ్లలా ఆర్వీల ధర పెరగదు. అద్దెలో మిగిల్చిన దానికంటే పన్నులో పోయేదే ఎక్కువన్నమాట. సొంతూళ్లో ఇల్లు నిలుపుకున్న నర్సుకు మాత్రం ఈ 16,400 పోదు, 9,900లో బండి ఖర్చులు పోగా మిగిలిందీ దక్కుతుంది.

వినిపించే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం న్యాయమైనదే. ఇల్లు నిలుపుకోవడం ఊరికే జరగదు కదా అంటారు. నిజమే. నెలకు 900 డాలర్ల ఇంటి ఖర్చుకు ఏడాదికి 10,800 పోతే, పన్నులో తప్పించుకున్న దానిలో మిగిలేది 5,600. అదే ఒంటరి మనిషి పన్ను కోసమే నెలకు 1,300 పెట్టి అపార్టుమెంటు తీసుకుంటే దాదాపు అంతా దానికే సరి. అలాగని అమ్మానాన్నల ఇంటి చిరునామా రాస్తే చాలదు. అక్కడ మార్కెట్ రేటుకు దగ్గరగా అద్దె నిజంగా చెల్లిస్తూ, దానికి రుజువులు ఉంచుకోవాలి. కాబట్టి పన్ను కోసం ఇల్లు సృష్టించుకోమని ఎవరికీ సలహా ఇవ్వనక్కర్లేదు. ఎలాగూ ఇల్లు ఉన్నవారికి, అంటే భార్యో భర్తో ఉద్యోగం చేస్తూ ఒక ఊళ్లో స్థిరపడి, ఇంటి లోను కడుతున్న కుటుంబానికి ఆర్వీ బాగా కలిసొస్తుంది. అలాంటి ఇల్లు లేనివారు స్టైపెండ్ కాకుండా మొత్తం పన్ను కట్టే జీతంగానే ఇవ్వమని ఏజెన్సీని అడిగి, అప్పుడు చేతికొచ్చే మొత్తంతో ఆర్వీ గిట్టుతుందో లేదో చూసుకోవాలి. గిట్టితే అదీ తప్పు కాదు. పన్ను లేని డబ్బు మీద కట్టిన లెక్కతో బండి కొనడమే తప్పు.

రెండో అభ్యంతరం: అందరూ ఇలాగే చేస్తున్నారు, ఎవరినీ ఏమీ అడగలేదు అని. ఏజెన్సీలు చేరేటప్పుడు ట్యాక్స్ హోమ్ ఉందని నర్సుతో సంతకం చేయించుకుంటాయి. ఆ ప్రకటన తప్పని తేలితే జవాబు చెప్పుకోవాల్సింది నర్సే. మామూలుగా రిటర్ను వేసిన మూడేళ్ల దాకా ఐఆర్‌ఎస్ తనిఖీ చేయవచ్చు, మోసం ఉంటే ఆ గడువు కూడా వర్తించదు. పన్ను, వడ్డీతో పాటు నిర్లక్ష్యానికి 20 శాతం జరిమానా పడే వీలుంది. మూడేళ్ల స్టైపెండ్‌పై ఒకేసారి లెక్క తేలితే అది ఆర్వీ ధరను దాటిపోవచ్చు. యాభై మైళ్లు దాటితే చాలు స్టైపెండ్‌పై పన్ను ఉండదన్న మాట కూడా నమ్మదగింది కాదు. అలాంటి దూరం నిబంధన కొన్ని ఆసుపత్రులు, ఏజెన్సీలు పెట్టుకున్నది, పన్ను చట్టంలో లేదు. ఒకే ప్రాంతంలో ఏడాదికి మించి పనిచేస్తామని తేలిన క్షణం నుంచి అది తాత్కాలిక పని కాదు. పార్కు నచ్చి, ఇరుగుపొరుగు కుదిరి, 13 వారాల కాంట్రాక్టును మళ్లీమళ్లీ పొడిగించుకునే ఆర్వీ నర్సులు ఈ గీతను తెలియకుండానే దాటే ప్రమాదముంది.

మూడో అభ్యంతరం ఇంకాస్త తెలివైనది. సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడాల్లో ఉత్తరాలు అందుకునే సంస్థల చిరునామాతో ఆర్వీవాసులు స్థిరనివాసం చూపుతున్నారు, ఆ రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను కూడా లేదు, ఇక సమస్యేమిటి అని. డ్రైవింగ్ లైసెన్సుకు, బండి రిజిస్ట్రేషన్‌కు ఆ చిరునామా పనికొస్తుంది. ఫెడరల్ పన్నులో అడిగేది అది కాదు. ఉత్తరాల పెట్టెలో ఎవరూ నివసించరు, దానికి ఇంటి ఖర్చూ ఉండదు. పైగా నివాస రాష్ట్రం మారితే నర్సింగ్ లైసెన్సూ కదులుతుంది. రాష్ట్రాల మధ్య ఒప్పందమైన నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్‌లో 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఉన్నాయి. ఒక్క మల్టీస్టేట్ లైసెన్సుతో వాటిలో దాదాపు అన్నిటా పనిచేయవచ్చు. కానీ అది నర్సు ప్రధాన నివాసం ఉన్న రాష్ట్రమే ఇవ్వాలి, ఆ రాష్ట్రం కాంపాక్ట్‌లో ఉండాలి. నివాసం ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి మారితే 60 రోజుల్లోగా అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో లేవు. అక్కడ పనిచేయాలంటే విడిగా లైసెన్సు తప్పదు. నివాసం ఎక్కడన్న ప్రశ్నకు పన్ను రిటర్నులో ఒక జవాబు, లైసెన్సు దరఖాస్తులో మరో జవాబు ఉండకూడదు.

డబ్బు ఒక్కటే కాదు, స్వేచ్ఛకు విలువ లేదా అనే మాటా వస్తుంది. ఉంది. సొంత పడక, సొంత వంట, పెంపుడు జంతువు వెంట ఉండడం పన్నెండు గంటల డ్యూటీ చేసినవారికి చిన్న సౌకర్యాలు కావు. అయితే ఆ స్వేచ్ఛకు వాతావరణం, కరెంటు హద్దులు గీస్తాయి. 30 ఆంప్ కనెక్షన్‌లో దొరికేది 3,600 వాట్లే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోవచ్చు. 50 ఆంప్‌లో 12,000 వాట్లు వస్తాయి. ఫీనిక్స్‌లో జులైలో నైట్ డ్యూటీ చేసి, పగటి ఎండలో పలుచటి గోడల బండిలో నిద్రపోవాల్సిన నర్సుకు ఈ తేడా ఆరోగ్యానికి సంబంధించినది. మినెసొటా చలికాలంలో నీటి గొట్టాలు గడ్డకడతాయి, బండి కింద చుట్టూ తెర కట్టాలి, ప్రొపేన్ సిలిండర్లు చకచకా ఖాళీ అవుతాయి. ఎండకు ఉత్తరాదికి, చలికి దక్షిణాదికి వెళ్తే సరిపోతుందనుకుంటే అక్కడా పోటీ ఉంది. శీతాకాలంలో అరిజోనా, ఫ్లోరిడాలకు ఉత్తరాది వృద్ధులు ఆర్వీలతో తరలి వస్తారు. అక్కడి ఆసుపత్రులకు నర్సులు ఎక్కువగా కావాల్సింది కూడా అప్పుడే. అంటే ఉద్యోగం సులువుగా దొరికే కాలంలోనే పార్కులో స్థలం దొరకదు. 55 ఏళ్లు దాటినవారినే తీసుకునే పార్కులు, పదేళ్లు దాటిన బండ్లను రానివ్వని పార్కులూ ఉన్నాయి.

ఏ వరుసలో నడవాలి

మన నర్సింగ్ విద్యార్థులకు ఈ చర్చ ఎంతవరకు వర్తిస్తుందో కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్‌ఎం చదివి అమెరికా వెళ్లాలనుకునేవారికి ముందు నర్సింగ్ లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్–ఆర్‌ఎన్ పరీక్ష, ఆంగ్ల పరీక్ష, విదేశీ నర్సుల అర్హతలకు ఇచ్చే వీసాస్క్రీన్ ధ్రువపత్రం ఉంటాయి. ఆ తర్వాత సాధారణంగా ఈబీ–3 గ్రీన్‌కార్డు మార్గం. కార్మిక శాఖ షెడ్యూల్ ఏ జాబితా కింద నర్సులకు లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేకపోయినా, భారతీయుల కోటాలో నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది. వెళ్లాక కూడా స్పాన్సర్ చేసిన సంస్థతో రెండు మూడేళ్ల ఒప్పందం ఉండడం మామూలే. కాబట్టి వీరికి ట్రావెల్ నర్సింగ్ మొదటి మెట్టు కాదు. ఇప్పుడే చేయగలిగింది ఐసీయూ, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్, ప్రసూతి వంటి విభాగాల్లో ఒకదానిలో గట్టి అనుభవం సంపాదించడం. ఏజెన్సీలు సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల అనుభవం అడుగుతాయి, కొత్త వార్డులో ఒకటి రెండు రోజుల పరిచయంతోనే పని అప్పగిస్తారు. అమెరికాలోనే నర్సింగ్ చదివినవారికి, జీవిత భాగస్వామి ఉద్యోగం వల్ల ఒక ఊళ్లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లోని నర్సులకు ఈ అవకాశం దగ్గర్లో ఉంది. పైన చెప్పిన మూడు పరీక్షల్లో ఖర్చు, బంధం రెండూ వారికి ముందే తీరి ఉంటాయి. ఇంటి దగ్గరి ఆసుపత్రిలో అప్పుడప్పుడు డ్యూటీలు చేస్తే మొదటిదీ తీరుతుంది.

ఈ దారిలో వెళ్లదలచినవారు ముందు బండి చూసి తర్వాత ఉద్యోగం వెతకకూడదు. అనుభవం, లైసెన్సు, ట్యాక్స్ హోమ్ కాగితాలు ఈ వరుసలో సిద్ధం చేసుకుని, నర్సుల పన్నులు తెలిసిన నిపుణుడితో ఒకసారి మాట్లాడాలి. తొలి కాంట్రాక్టు అద్దె గదిలో పూర్తిచేసి, రెండోదానికి ఆర్వీని అద్దెకు తీసుకుని చూడాలి. కొనేటప్పుడు మామూలు ఆర్వీ బీమా విహారయాత్రల కోసం రాసిందని, నెలల తరబడి నివసించేవారికి వేరే పాలసీ ఉంటుందని గుర్తుంచుకోవాలి. తయారీదారు వారంటీ కూడా అలాంటి వాడకానికి వర్తిస్తుందో లేదో చదవాలి. వంట, పడక, మరుగుదొడ్డి ఉన్న ఆర్వీని పన్ను చట్టం రెండో ఇల్లుగా గుర్తించి, ఖర్చులను విడివిడిగా చూపేవారికి లోను వడ్డీ మినహాయింపునూ అనుమతిస్తుంది. కాంట్రాక్టును ఆసుపత్రి మధ్యలోనే రద్దు చేయవచ్చు కాబట్టి, కనీసం రెండు నెలల ఖర్చు చేతిలో లేనిదే లోను తీసుకోకూడదు. కొవిడ్ కాలంలో, ముఖ్యంగా 2021, 2022లలో ఆకాశానికి ఎక్కిన ట్రావెల్ నర్సుల వేతనాలు తర్వాత దిగొచ్చాయి. ఆ రేట్లు చూసి తీసుకున్న బండి లోన్ల వాయిదాలు మాత్రం దిగలేదు. పన్ను లేని స్టైపెండ్ ఎక్కువై, వేతనం తక్కువైతే సోషల్ సెక్యూరిటీ పింఛను, నిరుద్యోగ భృతి, చాలాసార్లు ఇంటి లోను అర్హత కూడా ఆ తక్కువ వేతనం మీదే లెక్కకడతారు. కాబట్టి ఏజెన్సీతో బేరమాడేటప్పుడు వారం మొత్తం ఎంతని మాత్రమే కాకుండా గంటకెంతని కూడా అడగాలి. ఆ అంకెతో, సొంతింటి ఖర్చుతో వేసిన లెక్కలో లాభం కనిపిస్తే ఆర్వీ కొనండి. కనిపించకపోతే ట్రావెల్ నర్సింగ్‌కు అద్దె గది చాలు.