రిటర్ను వేశాక చేతికొచ్చిన ఫారం

ప్రశ్న: న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. 2025 టాక్స్ రిటర్ను ఏప్రిల్ మొదట్లోనే వేసేశాను. ఇప్పుడు హెల్త్ సేవింగ్స్ అకౌంట్ వాళ్లు 5498-ఎస్‌ఏ ఫారం పంపారు. మళ్లీ వేయాలా? - ఒక పాఠకుడు

జవాబు: కంగారు అక్కర్లేదు. ఈ ఖాతాలో గత ఏడాది తాలూకు డబ్బును ఏప్రిల్ 15 దాకా వేయవచ్చు. ఆ లెక్క తేలాకే సంస్థలు మే నెలాఖరుకల్లా ఫారం పంపుతాయి. రిటర్నుకు జతచేయాల్సిన పని లేదు, దాచుకుంటే చాలు.

కాకపోతే ఒకసారి సరిచూడండి. కంపెనీ ద్వారా పడిన సొమ్ము డబ్ల్యూ-2లో 12వ గడిలో ‘డబ్ల్యూ’ కోడ్ పక్కన ఉంటుంది. దాన్ని, ఈ ఖాతా లెక్క చూపుతూ రిటర్నుతో మీరు వేసిన 8889 ఫారాన్ని ఈ కొత్త ఫారంతో పోల్చండి. చాలామంది తడబడేది ఇక్కడే: 2వ గడిలో 2025లో పడినదంతా ఉంటుంది, అందులో 2024 తాలూకు జమ కూడా కలిసి ఉండవచ్చు. 2025 కోసం 2026లో వేసింది 3వ గడిలో కనిపిస్తుంది. కాబట్టి అంకెల్లో తేడా ఉన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు.

8889 వేయడమే మరిచిపోతే 1040-ఎక్స్‌తో సవరించాలి.

2025 పరిమితి ఒక్కరికి 4,300 డాలర్లు, కుటుంబానికి 8,550. మించితే ఆ అదనంపై ఏటా 6 శాతం పన్ను పడుతుంది. రిటర్ను గడువులోగా వేశారు కాబట్టి అక్టోబరు 15లోగా ఆ అదనాన్ని, దానిపై రాబడిని వెనక్కి తీసుకుంటే ఆ పన్ను తప్పుతుంది.

అన్నట్టు, ఈ ఖాతాకు ఫెడరల్ పన్నులో ఉన్న మినహాయింపు న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో లేదు.

జమ పరిమితి దాటినా, వైద్యేతర ఖర్చులకు డబ్బు తీసినా సొంతంగా సవరించబోకుండా సీపీఏను కలవండి.