ఏలేటి నీరు, గాలపు వేళ

ఫాల్గుణమాసము వచ్చినంతనే మన బాలురు పలువురు వెదురు గాలములు చేతబట్టి ఏలేటి గట్లకు బోవుట మే మెఱుగుదుము. వలదనుటకు గాదు ఈ వ్రాత; నీటిని చూచుట నేర్పుటకు.

ఏలేశ్వరమువద్ద కట్టిన జలాశయమునుండి విడుచు నీరే ఎండకాలమున ఈ యేటికి ముఖ్యాధారము. కావున ఆ దినములలో మబ్బును గాక తూములను దలంపవలెను. తూములు మూసినపుడు ఏఱు మడుగులుగా చీలి త్వరగా వేడెక్కును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును: 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలవద్ద ఏడున్నర. దానిని సయితము నాచు రాత్రియెల్ల పీల్చుకొనును. తెల్లవారుజామున శీలావతులును బొచ్చెలును పైకి వచ్చి నోరు తెఱచుట చూచి, ఆకలిగొన్నవని పిల్లలు సంతోషింతురు. అది ఆకలి గాదు, ఊపిరాడకపోవుట. ఎర నవి ముట్టవు. కొఱ్ఱమీను సంగతి వేఱు; అది పైగాలిని మ్రింగి బ్రదుకును గనుక, కలుపుమొక్కల యంచున కప్ప కదలినచో ఎగిరి పట్టును.

చలిదేశములలో ట్రౌటు అను చేపను ఈకలతో ఈగవలె కట్టిన ఎరతో పట్టుదురు. ఆంగ్లేయులు మన నీలగిరులకును దానిని తెచ్చిరి. ఆ దేశపు జలాశయముల దిగువ మార్చినెలలో నీరు మిక్కిలి చల్లన. చేప మందగించి అడుగున నుండును. అందుచే వారు నీరు కొంత వెచ్చబడు మధ్యాహ్నమునకై కనిపెట్టుకొందురు. ఇచ్చట మధ్యాహ్నమే చేప నీడకును లోతునకును దిగును. నెల యొకటే, వేళ మాత్రము తలక్రిందు. మనకు ఎండ చల్లబడిన సాయంకాలము మేలు. అందును రాళ్లపై జాలువారు నీటి క్రింది మడుగు మేలు, అచ్చట గాలి కలియును గనుక.

అయితే అట్టి చోటనే అపాయము. ఒకనా డిరువురు బాలురతో మే మిసుకతిప్పపై నిలిచియుండగా, వాన లేదు, మబ్బు లేదు. ఎండుటాకులును నురుగును తేలివచ్చెను. చీలమండల నీరు చూచుచుండగనే మోకాళ్ల కెక్కెను. పిల్లలను రెక్కపట్టి గట్టెక్కించితిమి. బుట్టయు చెప్పులును పోయినవి. ఎగువ తూము లెత్తిరని తరువాత తెలిసినది.

అప్పటినుండి గాలము వేయుటకు ముందు నీటియంచునకు జానెడు పైన ఇసుకలో పుల్ల గ్రుచ్చుదుము. నీరు పుల్లను ముట్టినచో, చేప తగిలియున్నను కఱ్ఱ విడిచి గట్టెక్కుదుము.