అసలేదో, ఊహేదో తెలిసేలా

చిరంజీవి అమ్ములుకి,

మ్యూజియాలజీలో చేరీ చేరగానే నీ ఉత్తరం నిండా హెడ్‌సెట్లు, హోలోగ్రామ్‌లు, తెర మీద మాట్లాడే బొమ్మలే. వీటిలో మ్యూజియానికి నిజంగా పనికొచ్చేది ఏదని అడిగావు. ముందు ఒక పటం కథ విను. తర్వాత మన అమరావతికి వద్దాం.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన ‘నైట్ వాచ్’ ఉంది. నగర రక్షక దళం కదిలి బయల్దేరుతున్న దృశ్యం అది. 1715లో దాన్ని పురమందిరానికి తరలించారు. అక్కడ చూపిన గోడకు పటం పట్టకపోయేసరికి నాలుగు అంచులూ కోసేశారు. ఒక్క ఎడమవైపే దాదాపు 60 సెంటీమీటర్లు పోయింది, అక్కడ నిలబడ్డ మనుషులతో సహా. ఆ ముక్కలు ఇప్పటిదాకా దొరకలేదు.

అయితే కోతకు ముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు దానికి చిన్న నకలు వేసి ఉంచాడు. పోయిన భాగాలన్నీ అందులో ఉన్నాయి. కానీ గీత లుండెన్స్‌ది, రంగులు లుండెన్స్‌వి. 2021లో మ్యూజియం శాస్త్రవేత్త రాబర్ట్ ఎర్డ్‌మన్ ఆ నకలుతోనే పని మొదలుపెట్టాడు. పోయిన భాగాలను మంచి చిత్రకారుడి చేత వేయించవచ్చు. అప్పుడు ఆ మూడో మనిషి చేయి కూడా పటంలో కనబడుతుంది. అందుకని కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. అసలు పటంలో మిగిలిన భాగాన్నీ, నకలులో అదే భాగాన్నీ పక్కపక్కన పెట్టి, లుండెన్స్ ఎక్కడ కొలత తప్పాడో, రెంబ్రాంట్ ఏ రంగు వాడినచోట అతను ఏ రంగు వాడాడో నేర్పించారు. నేర్చుకున్నాక, నకలులో మాత్రమే ఉన్న అంచులను రెంబ్రాంట్ తీరులోకి మార్చమన్నారు.

ఇంతవరకూ సాంకేతికత. మ్యూజియం గొప్పతనం ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. యంత్రం తయారుచేసిన అంచులను ముద్రించి, పటం చుట్టూ విడి పలకలుగా అమర్చారు. పటానికి వాటిని అంటించలేదు. కొన్ని నెలలు అలా ఉంచి, తర్వాత తీసేశారు. చూడవచ్చినవాళ్లకు ఒక్కసారిగా బొమ్మ నడక మారింది. ఇన్నాళ్లూ నడిమధ్యన నిలుచున్నట్టున్న కెప్టెన్, అతని పక్కనున్న లెఫ్టినెంట్ కాస్త కుడికి జరిగారు. వాళ్ల ముందు ఖాళీ ఏర్పడింది. దళం నిజంగా అటు నడుస్తోంది! రెంబ్రాంట్ వేసినది ఎక్కడ ఆగిందో, యంత్రం ఊహించినది ఎక్కడ మొదలైందో మాత్రం ఎవరికైనా స్పష్టంగా తెలుస్తూనే ఉంది.

అదే మ్యూజియం 2019 నుంచి ఈ పటం పరిశోధనను గాజు గదిలో, జనం కళ్లముందే చేయిస్తోంది. 2022లో 8,439 ఫొటోలను కలిపి 717 గిగాపిక్సెల్‌ల చిత్రాన్ని నెట్‌లో పెట్టింది. రంగులో పడిన సన్నటి పగుళ్లను నీ గదిలో కూర్చుని చూడవచ్చు. ఈ రాత్రే చూడు.

అమరావతికి వచ్చేముందు మరో రెండు ఉదాహరణలు. న్యూయార్క్‌లోని కూపర్ హ్యూయిట్ మ్యూజియం 2015లో సందర్శకుల చేతికి ఒక డిజిటల్ పెన్ను ఇచ్చింది. నచ్చిన వస్తువు పక్కనున్న లేబుల్‌కు దాన్ని తాకిస్తే చాలు, ఆ వివరాలు టికెట్ మీదున్న వెబ్ చిరునామాలో చేరేవి. ఫోన్ తీసి ఫొటోల మీద ఫొటోలు కొట్టే పని తప్పింది, కళ్లు వస్తువు మీదే నిలిచాయి. మంచి ఆలోచన.

ఫ్లోరిడాలోని డాలీ మ్యూజియంలో 2019 నుంచి, 1989లో చనిపోయిన చిత్రకారుడు సాల్వడోర్ డాలీ నిలువెత్తు తెర మీద పలకరించి సెల్ఫీ కూడా దిగుతాడు. నటుడి శరీరానికి కృత్రిమ మేధ డాలీ ముఖం అతికించింది. జనానికి సరదాగానే ఉంటుంది. కానీ అతను నిజంగా అన్న మాట ఏదో, స్క్రిప్టులో కొత్తగా రాసినది ఏదో తెర చెప్పదు. నా అభ్యంతరం అక్కడే.

ఇక అమరావతి. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కడుతున్నప్పుడు, మహాచైత్యమనే బౌద్ధ స్తూపం రాళ్లూ ఇటుకలూ ఆ కట్టడాల్లోకి పోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం లండన్‌కు వెళ్లింది. ఈనాడు అవి బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని, చెన్నై ఎగ్మోర్‌లో కొన్ని, అమరావతిలో కొన్ని. అమరేశ్వరుడి దర్శనానికి వచ్చి స్తూపం చూద్దామని వెళ్లినవాళ్లకు అక్కడ కనబడేది గుండ్రని దిబ్బ.

కానీ మన శిల్పులు స్తూపాన్ని ఆ స్తూపపు పలకల మీదే చెక్కారు! గుమ్మటంలాంటి అండం, రాతి కంచె, ద్వారం దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు, అన్నీ ఉన్నాయి. లుండెన్స్ నకలు చేసిన పని ఆ పలకలు చేస్తాయి. 1816 నుంచి సర్వే అధికారి కాలిన్ మెకంజీ వేయించిన స్తూపం చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అవి రెండో సాక్ష్యం.

నీ ప్రాజెక్టుకు ఇది తీసుకో. త్రీడీ నమూనాలో రాయి దొరికిన చోటికి ఒక రంగు, మెకంజీ చిత్రాల ఆధారమున్న చోటికి మరో రంగు, శిల్పులు చెక్కిన బొమ్మను బట్టి పూరించినదానికి ఇంకో రంగు వెయ్యి. ఏ రాయిని తాకినా అది ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెర మీద రావాలి, ముందు తెలుగులో. హెడ్‌సెట్ కొనే మాట తర్వాత. ముందు అమరావతి మ్యూజియంలో పలకల ముందు కూర్చుని, కంచె స్తంభాలను లెక్కపెడుతూ బొమ్మ గీసుకో. గీశాక నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య