పంట అనుకరణ నమూనా, నేలల పటం: సగటు ఎప్పుడు తీయాలి?
పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1983 మార్చిలో జరిగిన అంతర్జాతీయ సదస్సు, పంట నమూనాలకు కావలసిన కనీస సమాచారాన్ని చర్చించింది. రోజువారీ వర్షపాతం, ఉష్ణోగ్రతలు, సౌర వికిరణం, పొరలవారీ నేల లక్షణాలు, సాగు వివరాలను డీఎస్‌ఎస్‌ఏటీ నేటికీ కోరుతుంది.

నమూనా లెక్కించేది ఒక బిందువుకు. ప్రణాళిక కావలసింది మండలానికి. ఆ ఇక్రిశాట్ క్షేత్రంలోనే ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఒకే వాన కురిసినా, లోతైన రేగడిలో నిలిచిన తేమతో రబీ జొన్న పండుతుంది; లోతు తక్కువైన ఎర్రనేలలో పైరు త్వరగా బెట్టకు గురవుతుంది. వీటి నీటి నిల్వ సామర్థ్యాలను సగటు చేసి నమూనాకు అందిస్తే, ఎక్కడా లేని నేలకు దిగుబడి లెక్కించినట్లే. తేమకు దిగుబడి సరళరేఖలో స్పందించదు. కనుక భౌగోళిక సమాచార వ్యవస్థలో నేల, వర్షపాత పటాలను ఒకదానిపై ఒకటి పరచి, ఏర్పడిన ప్రతి విభాగానికీ నమూనాను విడిగా నడపాలి. విస్తీర్ణాన్ని బట్టి సగటు తీయడం ఆ తరువాతే. మండలానికి వర్షమాపకం ఒక్కటే ఉన్నచోట గ్రామస్థాయి పటం కంటికి ఇంపుగానే ఉంటుంది గాని, దానిని చూసి విత్తే తేదీ చెప్పరాదు.