వినోదయాత్ర: వెలయు, విలువయు



గత శ్రావణమాసమున మార్కండేయ రథోత్సవము ముగిసిన మరునాడు, కొంతం చౌక్ వెనుకనున్న సందులో నివసించు పదవ తరగతి బాలిక యొకతె ఒక కాగితము చేతబట్టుకొని మా యొద్దకు వచ్చినది. ఆమె తండ్రి టవలు మగ్గముపై పనిచేయును. తల్లి ఇంటివద్ద బీడీలు చుట్టును. ఇంట నాయనమ్మయు, ఎనిమిదేండ్ల తమ్ముడును గలరు.

"సార్, రామోజీ ఫిలింసిటీకి పోవాల్నని మా తమ్ముడు ఒక్కటే ఏడుపు. బాపు పోదామంటడు, అమ్మ వద్దంటది. లెక్క రాసుకొచ్చిన, సరిగున్నదో లేదో చూడున్రి" అని ఆమె యడిగెను.

ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. సెలవులు సమీపించినకొలది మన పేటలలో అనేక కుటుంబములయందు ఇదే చర్చ జరుగుచుండును. కావున ఆ బాలికతో మేము చేసిన విచారణను ఒక పాఠముగ ఇచ్చట వ్రాయుచున్నాము.

వినోదోద్యానము లెట్లు పుట్టినవి?

ధనము చెల్లించి లోన ప్రవేశించి, దినమంతయు ఆటపాటలతో గడుపు ఉద్యానములు క్రొత్తవి కావు. డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరమున టివోలి ఉద్యానము 1843లో తెరువబడి నేటికిని నడచుచున్నది. 1893లో అమెరికాలోని షికాగో ప్రదర్శనమునందు ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల యెత్తుగల చక్రమును నిలిపెను. దానికి 36 గదులు. ఒక్కొక్క గదిలో 60 మంది పట్టుదురు. ఒకేసారి ఎందరు తిరుగగలరో మీరే గుణించి చూచుకొనుడు. మన జాతరలలోని రంగులరాట్నపు పెద్దచక్రములకు ఆ చక్రమే పెద్దన్న.

1955వ సంవత్సరము జులై 17వ తేదీన వాల్ట్ డిస్నీ కాలిఫోర్నియాలో డిస్నీలాండును ప్రారంభించెను. తన కుమార్తెలు రాట్నముపై తిరుగుచుండగా తాను ఊరక బల్లపై కూర్చుండవలసివచ్చినదనియు, పెద్దలును పిల్లలును కలిసి ఆనందింపదగిన చోటొకటి యుండవలెనని అప్పుడు తోచినదనియు ఆయన చెప్పుచుండెడివాడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; ముందు పనికివచ్చును.

మన దేశమున ఢిల్లీలోని అప్పూఘర్ 1984లో మొదలై 2008లో మూతబడినది. మన రాష్ట్రమున ముంబయి వద్ద ఎస్సెల్ వరల్డు 1989లోను, ఖోపోలి సమీపమున ఇమాజికా 2013లోను వెలసినవి. హైదరాబాదువైపు 1996లో రామోజీ ఫిలింసిటీ, 2016లో వండర్లా ఏర్పడినవి. ఫిలింసిటీ ప్రపంచమున అతిపెద్ద చలనచిత్ర నిర్మాణ ప్రాంగణముగ గిన్నిస్ గ్రంథమున కెక్కినది. మన షోలాపురమును దాటిపోవు 65వ నంబరు జాతీయ రహదారియే హైదరాబాదు మీదుగ దాని ద్వారమువైపు సాగి, విజయవాడకును మచిలీపట్టణమునకును పోవుచున్నది. దూరము మాత్రము స్వల్పము కాదు: హైదరాబాదునకు సుమారు 300 కిలోమీటర్లు, అటుపైన ఫిలింసిటీకి మరి సుమారు 30.

మొదటి పరీక్ష: పూర్తి వెల యెంత?

బాలిక తెచ్చిన కాగితమున రెండే పంక్తులు గలవు. ప్రవేశపు టికెట్టు మనిషికి 1,500 చొప్పున అయిదుగురికి 7,500. రైలు పోనురాను మనిషికి 400 చొప్పున 2,000. వెరసి 9,500 రూపాయలు. (ఈ పాఠములోని అంకెలన్నియు లెక్క నేర్చుకొనుటకై మేమనుకొన్నవి. నిజమైన వెలలు మారుచుండును. పోవువారు ముందుగ విచారించుకొనవలెను.)

"ఇంతేనా?" అని మేమడిగితిమి. "ఇంతే, సార్" అన్నది. అప్పుడు ఆమెచేతనే మిగిలిన పంక్తులను వ్రాయించితిమి. నగరమున ఆటో, బస్సుల ఖర్చు 1,500. రెండు రాత్రుల బస 3,000. మూడు దినముల భోజనము 3,000. మొత్తము 17,000 అయినది.

ఇంకొక పంక్తి మిగిలియున్నది. ఉద్యోగికి సెలవుదినమునను జీతము వచ్చును. మగ్గపు పనివానికి చేసిన పనికే కూలి. చుట్టిన బీడీలకే మజూరి. తండ్రికి మూడు దినముల కూలి 600 చొప్పున 1,800, తల్లికి 200 చొప్పున 600 పోవును. ఇది చేతినుండి వెడలు పైకము కాదు, చేతికి రాని పైకము, అయినను ఖర్చే. మొత్తము 19,400 రూపాయలు. మొదట వ్రాసినదానికి రెండింతలు మించినది.

బాలిక ముఖము చిన్నబోయెను. లెక్క యొక్క ధర్మము భయపెట్టుట కాదు, దారి చూపుట. హైదరాబాదున ఆమెకు మేనత్త గలదు. అచ్చట దిగినచో బస ఖర్చు 3,000 తగ్గును. భోజనము సగము, అనగా 1,500 తగ్గును. మోకాళ్ల నొప్పిగల నాయనమ్మ మేనత్త యింటనే యుండినచో టికెట్టు 1,500 తగ్గును. మేనత్త పిల్లలకు పట్టుకొనిపోవు పండ్లకు, బట్టలకు 500 కలుపవలెను. ఇప్పుడు 13,900. దీపావళికి మగ్గములు నిలిచిన దినములలో పోయినచో కూలినష్టము 2,400 ఉండదు. తేలినది 11,500.

రెండవ పరీక్ష: కాలమేమగును?

పండుగ సెలవులలో కూలినష్టము లేదు; కాని లోకమంతయు ఆ దినములలోనే బయలుదేరును. ఉద్యానమున పది గంటలు, అనగా 600 నిమిషములు గడిపితిమనుకొందము. ఎనిమిది ఆటలు ఎక్కితిమి. ఒక్కొక్కటి మూడు నిమిషములు. ఒక్కొక్కదానికి వరుసలో అరగంట నిలిచితిమి. ఆటకు 24 నిమిషములు, నిలుచుటకు 240 నిమిషములు!

ఇది చూచి కొందరు "వట్టి దండుగ" అందురు. మేమట్లనము. మరమగ్గముల చప్పుడునడుమ తండ్రి పిల్లలతో మాటాడలేడు. ఇల్లు చేరునప్పటికి వారు నిద్రింతురు. అట్టి తండ్రికి బిడ్డలప్రక్కన నాలుగు గంటలు నిలిచి మాటాడుట దండుగ యెట్లగును? వరుసలో నిలిచి ఎవరి ఫోనును వారు చూచుకొన్నచో దండుగయే. డిస్నీ బల్లపై కూర్చుండి తలపోసినది ఈ కలయికనే.

ఇచ్చట మా యనుభవ మొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మా పిల్లల నిరువురను ఒక వినోదోద్యానమునకు తీసికొనిపోయితిమి. ఆటల ముంగిట ఎత్తు కొలుచు గీత యుండునని మేమెరుగము. చిన్నవాడు గీతకు రెండు వేళ్లు తక్కువయ్యెను. అతని క్షేమము కొరకే యా నిబంధన. దానిలో దోషము లేదు. ముందుగ విచారింపక పోవుట మా దోషము. పెద్దది నేటికిని ఆ దినమును తలచుకొని నవ్వును. చిన్నవానికి జ్ఞాపకమున్నది గీత యొక్కటే. కావున పోవుటకు ముందు ఎవరెవరు ఏయే ఆటల కర్హులో తెలిసికొనుడు. ఒకే యాత్ర ఇంటిలో ఒకరికి పండుగయు, మరియొకరికి ఏడుపును కావచ్చును.

మూడవ పరీక్ష: ఆ పైకము దేనిది?

"11,500 రూపాయలు ఎక్కడివి?" అని యడిగితిమి.

"అమ్మది భిశీ ఉన్నది, సార్. పన్నెండుమంది, నెలకు వెయ్యి. దీపావళికి ముందే అమ్మ పాళీ వస్తది. పన్నెండు వేలు."

"సరిపోవును. అయితే ఆ భిశీ మొదట దేనికొరకు వేసినది?"

బాలిక తలవంచుకొన్నది. కొంతసేపటికి "నా అకరావీకి, సార్" అన్నది. పదవ తరగతి పిదప కళాశాలలో చేరుటకు తల్లి నెలనెల బీడీల మజూరినుండి తీసిన పైకమది. తల్లి వద్దనుటకు కారణమదియే. ఈ సంగతి కాగితమున ఎచ్చటను లేదు. తమ్ముని సంతోషమునకు అడ్డు రాకూడదని అక్క దానిని వ్రాయలేదు.

విద్యార్థులారా! పైకమునకు రంగు లేదు, కాని పేరున్నది. ఒక పనికని దాచిన పైకమును మరియొక పనికి తీయునప్పుడు, టికెట్టు వెలను చూచుట చాలదు. ఆగిపోవు పనిని చూడవలెను. అప్పుచేసి విహారమునకు పోవుటయు ఇట్టిదే. ఆట ఒక్క దినమున ముగియును, వడ్డీ ఆదివారమును ఆగదు.

నాలుగవ పరీక్ష: ఏది వేచియుండగలదు?

అట్లని పోరాదని మేము చెప్పలేదు. మన పిల్లలకు హైదరాబాదు యాత్రయందు ఇతరులకు లేని లాభ మొకటి కలదు. మన తెలుగు ఇంటిలోను, బడిలోను, ఈ నాలుగు సందులలోను వినబడును. ప్రధానవీధికి చేరగనే బోర్డులు మరాఠీలో నుండును. మరాఠీయు మనదే, దానిని ప్రేమతో నేర్చుకొనవలెను. కాని బస్సుమీది ఊరిపేరు, అంగడిమీది అక్షరములు, అపరిచితుని పలుకు సర్వము తెలుగైయుండుట మన పిల్ల యొకసారియైన చూడవలెను. మేము ఉపాధ్యాయశిక్షణకై మొదట హైదరాబాదున దిగినప్పుడు స్టేషను బయట బస్సుల బోర్డులను చదువుచు చాలసేపు నిలిచిపోతిమి. బడిలో నేర్చిన అక్షరములు లోకమున పనిచేయుచున్నవని ఆనాడు తెలిసినది. ఆ యానందమునకు టికెట్టు లేదు.

పిదప ఒక శనివారమున బాలిక తండ్రియు వచ్చెను. ముగ్గురము కూర్చుండి, కోరికలన్నిటిని వ్రాసి, ప్రతిదానియెదుట "ఇది ఒక యేడు ఆగునా?" అని ప్రశ్నించుకొంటిమి.

ఫిలింసిటీ ఆగును. వచ్చే యేడును అది అచ్చటనే యుండును. కళాశాల ప్రవేశము ఆగదు. దాని నెల వచ్చినప్పుడు పైకము చేతనుండవలెను. మూడవది మాటలలో పైకి వచ్చినది: నాయనమ్మ తెలంగాణములోని తన పుట్టినూరు చూచి ఇరువదియేండ్లయినది. "అవ్వ అడుగుతనే ఉంటది, సార్. ఈయేడు ఆయేడు అనుకుంట నేనే జరిపిన" అని తండ్రి మెల్లగ అనెను. ఆ వయస్సున ఒక యేడు చిన్నది కాదు.

నిర్ణయము వారే చేసికొనిరి. భిశీ పైకము ముట్టరాదు. దీపావళి సెలవులలో అందరును మేనత్త యింటికి పోయి, అచ్చటినుండి నాయనమ్మ పుట్టినూరు చూచి రావలెను. రైలు 2,000, ఊరికి బస్సు 1,000, కానుకలు 500, చిల్లర 1,000, మొత్తము 4,500. ఇది తండ్రికి వచ్చు దీపావళి బోనసునుండి తీయవచ్చును. ఫిలింసిటీకై వేరొక డబ్బా పెట్టవలెను.

వారు పోయి వచ్చిరి. పాతయిల్లు లేదట, చింతచెట్టు మాత్రమున్నదట. నాయనమ్మ దానిక్రింద కూర్చుండి, మగ్గము గుంట ఎచ్చట నుండెడిదో పిల్లలకు చూపెనట. బాలిక దారిపొడుగున బోర్డులు చదివినదట. తమ్ముడు మాత్రము ఫిలింసిటీ చూడనందుకు తిరుగురైలులో తాండూరునుండి వాడివరకు అలిగియుండెనని తండ్రి చెప్పెను. దానిని దాచుట న్యాయము కాదు. వాయిదాకు సయితము వెల గలదు. ఈసారి ఆ వెలను చిన్నవాడు చెల్లించినాడు.

ఈ సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డాయాత్రలో తండ్రి అతనిని హోం మైదానమునకు తీసికొనిపోయి పెద్దచక్రమెక్కించెను. పైనుండి చెరువును, గుడిని చూచి అతడు కొంత శాంతించినాడట. మన చేరువలో తక్కువ ఖర్చుతో చూడదగినవి లేకపోలేదు. భూయికోట కోట కలదు. చైనాదేశమున గాయపడినవారికి సేవచేసి 1942లో అచ్చటనే కన్నుమూసిన డాక్టరు కోట్నీసు 1910లో మన నగరముననే జన్మించెను. ఆయన స్మారకము గలదు. సుమారు వంద కిలోమీటర్లలో విజాపురపు గోల్‌గుంబజు కలదు. అయితే ఇవి ఫిలింసిటీకి బదులని పిల్లలను మభ్యపెట్టరాదు. ఒకటి ఇంకొకటి కాదు. "ఇప్పుడు కాదు, ఫలానా యేడు" అని చెప్పి, ఆ మాట నిలుపుకొనుట పెద్దల విధి.

ఆ యింటి తలుపుచట్రముపై ఇప్పుడొక పెన్సిలు గీత యున్నది. మా చిన్నవాని కథ విని తండ్రి గీసినది. తమ్ముడు నెలకొకసారి దానిక్రింద నిలుచును. డబ్బాలో పైకము పెరుగుచున్నది, అతడును పెరుగుచున్నాడు.

అభ్యాసములు

1. మీ యింట అనుకొనుచున్న యాత్ర నొకదానిని తీసికొని పూర్తి వెల కట్టుడు. చేతికి రాని కూలిని మరువకుడు.

2. ఆ పైకము ఏ పనికని దాచినదో తల్లిని అడిగి తెలిసికొనుడు. ఆమె చెప్పినది యథాతథముగ వ్రాయుడు.

3. మీ యింటి పెద్దలలో ఒకరిని "మీరు చూడగోరి చూడని చోటేది?" అని అడుగుడు. వారి జవాబును పది పంక్తులలో వ్రాసి తెండు.